బలియు, రక్షణయు: ఒకరి పాపమునకు మఱియొకరు శిక్ష పొందవచ్చునా?

పాపము చేసినవాడొకడును, దాని శిక్ష ననుభవించినవాడు మఱియొకడును అయినచో, అది న్యాయమనిపించుకొనునా? న్యాయము కాదందుమేని, క్రైస్తవమతమునకు ప్రాణప్రాయమని ఆ మతస్థులు చెప్పుకొను సిలువబలికి అర్థమేమి? న్యాయమే యందుమేని, మన న్యాయస్థానములయందు అట్టి న్యాయమును మనమేల నడపకున్నాము? ఈ ప్రశ్నలు క్రైస్తవులకు మాత్రమే సంబంధించినవని మా చదువరులలో కొందఱు తలంపవచ్చును. మాకట్లు తోపదు. తప్పు చేసిన మనుష్యుడు మరల శుద్ధుడగుట యెట్లు, వాని నిమిత్తము ఇతరులు చేయగలిగినదేమి, చేయలేనిదేమి అను విచారము మతభేదము లేక ప్రతి గృహమునను ఎదురుపడునదియే. ఒక మతమును నిందించు నుద్దేశము మాకు లేదు. ఒక సత్యమును వెదకుటకే మేమీ వ్యాసమునకు పూనుకొనినాము.

వకీలువృత్తిలో మాకు తటస్థించిన యొక సంగతిని ముందుగా విన్నవించెదము. సుమారు పదునైదు సంవత్సరముల క్రిందట, పరుల సొమ్ము నపహరించిన నేరమునకు ఒక యువకునికి ఒక సంవత్సరము ఖైదును, కొంత జుల్మానాయు విధింపబడెను. వాని తండ్రి వృద్ధుడు, చిన్న వ్యవసాయదారుడు. ఆయన తన పొలములో కొంత యమ్మి జుల్మానా చెల్లించి, మఱునాడు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, “అయ్యా, జుల్మానా నేను కట్టితిని, వారు పుచ్చుకొనిరి. ఖైదును కూడ నేనే అనుభవించెదను. దాని కేల ఒప్పుకొనరు? వానికి పసిబిడ్డలున్నారు. నాకేమున్నది?” అని యడిగెను. చట్టమందుల కొప్పుకొనదని మేము చెప్పితిమి. “ఒప్పుకొనదని తెలిసినది. ఎందుచేత ఒప్పుకొనదో చెప్పండి బాబూ” అని ఆయన మరల నడిగెను. ఆ దినమున మేము సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. పిమ్మట క్రైస్తవ వేదాంతచరిత్రను చదువునప్పుడు, ఐరోపాలోని మహాపండితులు శతాబ్దములతరబడి వాదించినది ఆ వృద్ధుని ప్రశ్ననే యని తెలిసికొంటిమి.

బలియను భావము యూదుల ప్రాచీనధర్మమునుండి క్రైస్తవమతమునకు సంక్రమించినది. లేవీయకాండము 16వ అధ్యాయమున, సంవత్సరమున కొకమా రాచరింపదగిన ప్రాయశ్చిత్తదినము వర్ణింపబడినది. ఆ దినమున రెండు మేకపోతులను తెచ్చి చీట్లు వేయుదురు. ఒకదానిని దేవునికి బలి యిత్తురు. రెండవదాని తలపై ప్రధానయాజకుడు తన రెండు చేతుల నుంచి, ప్రజల పాపముల నన్నిటిని ఒప్పుకొని, దానిని అరణ్యమునకు పంపించును. ఇందొక విశేషము గమనింపదగియున్నది. పాపములు మోపబడిన మేక బలిపీఠమునకు పోలేదు. బలిపీఠమునకు పోయిన మేకపై పాపములు మోపబడలేదు. కావున ‘వీని శిక్ష దానికి’ అను లెక్క ఆ ప్రాచీన కర్మయందు సైతము మనము తలంచునంత స్పష్టముగా లేదు. ఆ జాతియందే పుట్టిన ప్రవక్తలు బలులను గూర్చి మిక్కిలి కఠినముగా పలికిరి. దేవునికి బలికంటె కనికరమే ప్రియమని హోషేయ చెప్పెను. వేలకొలది పొట్టేళ్లకంటె న్యాయవర్తనమును, దయయు, వినయమును దేవుడు కోరునని మీకా బోధించెను. తండ్రి దోషమును కుమారుడు గాని, కుమారుని దోషమును తండ్రి గాని మోయనక్కఱలేదని యెహెజ్కేలు ఘోషించెను. సామాన్యశకము 70వ సంవత్సరమున రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిన పిమ్మట యూదులలో పశుబలులు నిలిచిపోయినవి. బలిపీఠము పోయినను ఆ మతము పోలేదు. ప్రార్థన, పశ్చాత్తాపము, ధర్మకార్యములు అను వానితో అది నేటివరకును జీవించియున్నది.

ఇక యేసు స్వయముగా ఏమి బోధించెను? బలికంటె కనికరము మేలను హోషేయ భావమును ఆయన రెండుమారులు ఎత్తిచెప్పినట్లు మత్తయి సువార్త 9, 12 అధ్యాయములలో కలదు. లూకా సువార్త 15వ అధ్యాయమున తప్పిపోయి వచ్చిన కుమారుని కథ కలదు. అందు తండ్రి దూరముననే కుమారుని జూచి పరుగెత్తిపోయి కౌగిలించుకొనెను. ఆ కథలో క్రొవ్విన దూడ చంపబడినమాట నిజమే. కాని అది విందుకొఱకే గాని ప్రాయశ్చిత్తముకొఱకు గాదు. అదే సువార్త 19వ అధ్యాయమున జక్కయ్య యను పన్నులవాని వృత్తాంతము కలదు. అతడు తన యాస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతునని చెప్పగా, ఆ దినముననే ఆ యింటికి రక్షణ వచ్చెనని యేసు పలికెను. చదువరులారా, అప్పటికి సిలువ ఇంకను నాటబడలేదు.

అయినను మనకనుకూలమైన వాక్యములను మాత్రమే యేరుకొనుట వకీలునకు తగునేమోగాని సత్యాన్వేషికి తగదు. అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణమునిచ్చుటకు వచ్చితినని యేసు చెప్పినట్లు మార్కు 10వ అధ్యాయమున ఉన్నది. కడపటి భోజనసమయమున తన రక్తమును పాపక్షమాపణతో చేర్చి ఆయన పలికినట్లు మత్తయి వ్రాసెను. ఆయన మనపాపముల నిమిత్తము మృతిపొందెనని పౌలు తన పత్రికలలో చెప్పెను. యెషయా 53వ అధ్యాయములోని బాధామయుడైన సేవకుని చిత్రమును మొదటి క్రైస్తవులు యేసునందు చూచిరి. కావున సిలువమరణమునకు విశేషార్థమున్నదనుట పాదిరీలు పిమ్మట కల్పించినది గాదు. కాని ఆ క్రయధన మెవనికి చెల్లింపబడెనో, ఎట్లు పనిచేసెనో ఆ వాక్యములు చెప్పుటలేదు. 325వ సంవత్సరమున నైకియాలో కూడిన మహాసభ తన విశ్వాసప్రమాణమున, క్రీస్తు మన రక్షణార్థము దిగివచ్చి బాధపడెనని మాత్రమే ప్రకటించి, ఆ రక్షణ జరిగిన విధమును వివరింపక విడిచెను. ఆ విడిచినచోటనే వాదములన్నియు పుట్టినవి.

ఈ వాదములను వరుసగా చూచినయెడల, ప్రతియుగమును తన కచ్చేరీనే దేవునికి ఎరువిచ్చినట్లు కనబడును. దాసులను, చెఱపట్టబడినవారిని వెలయిచ్చి విడిపించు రోమను కాలమున, మానవులు సైతానుచేత చిక్కిన ఖైదీలనియు, క్రీస్తు వారికి వెలయనియు కొందఱు చెప్పిరి. నాలుగవ శతాబ్దమునందలి నిస్సా గ్రెగొరీ, క్రీస్తు దైవత్వము గాలమువలె మానవశరీరమను నెఱలో దాగియుండగా సైతాను మ్రింగి మోసపోయెననెను. ఆయన స్నేహితుడైన నజియాంజసు గ్రెగొరీ ఈ మాట నసహ్యించుకొని, దొంగకు దేవుడు వెలయిచ్చుట యేమి యని యడిగెను. తండ్రియైన దేవునికే చెల్లెనందుమా, తండ్రి మనలను చెఱపట్టలేదే యనెను. తరువాత ప్రభువులును వారి సామంతులును గల కాలము వచ్చెను. కాంటర్బరీ ఆర్చిబిషప్పయిన ఆన్సెల్ము 1098వ సంవత్సరమున పూర్తిచేసిన గ్రంథములో, పాపము దేవుని గౌరవమునకు కలిగిన భంగమనియు, అపారమైన ఆ గౌరవమునకు పరిహారమును మనుష్యుడు చెల్లింపవలసియున్నను దేవుడు తప్ప ఎవరును చెల్లింపలేరనియు, అందుచేతనే దేవుడు మనుష్యుడాయెననియు వాదించెను. పదునాఱవ శతాబ్దమున, ధర్మశాస్త్రము చదివిన కాల్విను ఆ గౌరవలోపమును నేరముగా మార్చెను. దేవుడు న్యాయాధిపతి, మనము నేరస్థులము, మన శిక్షను క్రీస్తు పొందెనని చెప్పెను. నేడు మన దేశమున వీథిప్రసంగములలో సామాన్యముగా వినబడునది ఈ కడపటి వాదమే.

దీనికి గట్టి యాక్షేపణ చేసినవాడు ఇటలీదేశపు ఫౌస్టో సొచీనో. ఆయన గ్రంథము 1594వ సంవత్సరమున ముద్రింపబడెను. ఋణము వేఱు, శిక్ష వేఱు అని ఆయన వాదసారము. ఋణము సొమ్మునకు సంబంధించినది. ఎవరు చెల్లించినను ఋణదాతకు నష్టము తీరును. శిక్ష మనుష్యునికి సంబంధించినది; అది చేసినవానిని విడిచి మఱియొకనిపై పడినయెడల శిక్ష యను పేరునకే తగదు. మా యరుగుమీద కూర్చున్న వృద్ధుని ప్రశ్నకు ఉత్తరమిదియే. జుల్మానా సొమ్ముగా మాఱునుగనుక తండ్రి చేతినుండి పుచ్చుకొందురు. ఖైదు ఆ కుమారుని సంవత్సరమే గాని తండ్రి సంవత్సరము గాదు. సొచీనో మఱియొక చిక్కును చూపెను. ఋణము పూర్తిగా చెల్లినచో ఇక క్షమించుట కేమి మిగిలినది? పూర్తిగా చెల్లించుకొనినవాడు క్షమించితినని చెప్పుకొనరాదు, క్షమించినవాడు చెల్లించుకొనరాదు. హాలెండుదేశపు ధర్మశాస్త్రకోవిదుడైన గ్రోషియసు 1617వ సంవత్సరమున దీనికి ప్రత్యుత్తరమిచ్చుచు, దేవుని రాజువలె భావింపవలెననియు, శాసనగౌరవము నిలుచుటకు క్రీస్తు బాధ యొక దృష్టాంతముగా చూపబడెననియు వ్రాసెను. దృష్టాంతముకొఱకు నిరపరాధిని దండించు రాజును మనము ధర్మప్రభువని యెన్నడైన స్తుతించితిమా?

మన దేశమున ఈ చర్చను విద్యావంతులయెదుట నిలిపినవాడు రాజా రామమోహనరాయలు. ఆయన 1820వ సంవత్సరమున నాలుగు సువార్తలనుండి యేసు నీతిబోధలను సంకలనముచేసి ‘ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్’ అను పేర కలకత్తాలో ప్రకటించెను. శ్రీరామపురము మిషనరీయైన జాషువా మార్ష్‌మన్ తన పత్రికయందు దానిని తీవ్రముగా విమర్శించెను. పాపప్రాయశ్చిత్తమును విడిచి నీతులను మాత్రమే యిచ్చుట రోగికి ఔషధమును దాచి పథ్యము చెప్పుటవంటిదని మిషనరీల భావము. ఆజ్ఞలను సంపూర్ణముగా గైకొనినవాడెవడును లేడుగదా యని వారడిగిరి. రామమోహనులు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు ప్రత్యుత్తరములను ప్రకటించెను. మనుష్యుడు తప్పిపోవుట నిజమే. తప్పిన వానికి యథార్థమైన పశ్చాత్తాపమే దేవుడేర్పఱచిన మార్గమనియు, అన్యుల నేరమునకు నిరపరాధిని హింసించుట మనుష్యులలోనే అన్యాయమైనప్పుడు దేవునికి దాని నారోపింపరాదనియు ఆయన యుత్తరము. మూడవ గ్రంథమును అచ్చువేయుటకు బాప్టిస్టు ముద్రాలయమువా రొప్పుకొనకపోగా ఆయన స్వంత ముద్రాయంత్రమును నెలకొల్పుకొనెను. శ్రీరామపురపు మిషనుకు చెందిన విలియం ఆడము 1821వ సంవత్సరమున తన యభిప్రాయమును మార్చుకొని ఏకేశ్వరవాదుల పక్షమున చేరెను. ఆ వాదమున ఇరుపక్షములవారును ఎదుటివాని గ్రంథములను చక్కగా చదివి వాదించిరి. నేటి మతవివాదములలో కానరానిది ఆ గుణమే.

శిక్షను మార్చుకొనుట సంభవమేయని చూపు చారిత్రకోదాహరణ మొకటి కలదు. 1941వ సంవత్సరము జులై మాసాంతమున, జర్మనుల యాధీనమందలి ఆష్విట్స్ నిర్బంధశిబిరములో ఒక ఖైదీ కనబడకపోగా, అందులకు ప్రతిగా పదిమందిని ఆకలిచే చంపవలెనని శిబిరాధికారి యేర్పఱచెను. వారిలో నొకడు తన భార్యాబిడ్డలను దలచి యేడ్చెను. అప్పుడు మాక్సిమిలియన్ కోల్బే యను పోలెండుదేశపు క్రైస్తవసన్న్యాసి వరుసలోనుండి వెలికివచ్చి, వానికి బదులుగా తన్ను గొనుమని కోరెను. అధికారి యొప్పుకొనెను. కోల్బే ఆగస్టు 14వ తేదీని విషపుసూదిచే చంపబడెను. రక్షింపబడిన గయోవ్నిచెక్ 1995వ సంవత్సరమువరకు జీవించెను. 1982వ సంవత్సరమున కోల్బే పుణ్యపురుషుడుగా ప్రకటింపబడిన యుత్సవమున ఆయనయు నుండెను. ఈ వృత్తాంతమును విన్నవారెవరును కోల్బే ముందు తలవంపకుండ నుండలేరు. కాని ఆ మార్పిడి కొప్పుకొన్న యధికారియందు న్యాయము నెవరైన చూతురా? వానికి వలసినది పదిశవముల లెక్క. ఆ లెక్కలో ఎవరు పడినను వానికి సమ్మతమే. బలియైనవాని ప్రేమ యెంత మహత్తరమైనదో, బలిని పుచ్చుకొన్న యధికారము అంత హేయమైనది. కావున సిలువపై యేసు చూపిన ప్రేమను స్తుతించుచునే, తండ్రియైన దేవుడు ఆ యధికారివలె లెక్క నింపుకొనెనను భావమును మనము త్రోసివేయవలసియున్నది.

ఇందులకు వివేకులైన క్రైస్తవులు చెప్పు సమాధానము బలమైనది. దానిని దాచుట ధర్మము గాదు. “మీరు దేవుని, క్రీస్తును, పాపిని మువ్వురుగా విడదీసి ఆక్షేపించుచున్నారు. మా విశ్వాసమున క్రీస్తు మూడవవాడు గాడు. న్యాయాధిపతియే పీఠము దిగివచ్చి తాను విధించిన శిక్షను తానే భరించెను” అని వారందురు. ఆంగ్లేయ మతాచార్యుడైన జాన్ స్టాట్ 1986వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున ఈ వాదమును మిక్కిలి శ్రద్ధతో నిరూపించెను. ఇందుచే నిరపరాధి హింస యను దోషము చాలవఱకు తొలగునని మే మొప్పుకొందుము. అయితే చదువరులారా, ఋణదాత తన సొమ్మును కుడిచేతినుండి యెడమచేతికి మార్చుకొని ఋణము తీరెననినచో, లోకమున దానికేమి పేరు? నోటును చింపివేసి నష్టమును తాను భరించెనందుము. అనగా క్షమించెనందుము. ఈ సమాధానము నంగీకరించినతోడనే శిక్ష, మార్పిడి, చెల్లింపు అను కచ్చేరీమాటలు రాలిపోయి, క్షమించువాడు బాధను తనమీద వేసికొనునను పరమార్థము మిగులుచున్నది. ఇది యించుమించుగా పండ్రెండవ శతాబ్దమున అబెలార్డు చెప్పినదే. సిలువయందు కనబడిన ప్రేమ మన హృదయములలో ప్రేమను రగిల్చి మనలను మార్చుటయే విమోచనమని ఆయన చెప్పెను.

ఇచ్చట మావంటి సంస్కారపక్షమువారికి నొక హెచ్చరిక యవసరము. పశ్చాత్తాపము చాలునని మనము సులభముగా చెప్పుచున్నాము. కాని పశ్చాత్తాపమన రెండు కన్నీటిబొట్లా? జక్కయ్య నాలుగంతలు మరల చెల్లించెను. మఱియు, చేసినవాడెంత యేడ్చినను, క్షమించువానికి నష్టము మిగిలియేయుండును. పరువు పోయినవాడు, సొమ్ము పోయినవాడు, బిడ్డను పోగొట్టుకొన్నవాడు క్షమించినప్పుడు ఆ క్షమ యూరక వచ్చునా? పగతీర్చుకొనుట మాని, ఆ బాధను తనలోనే అణచుకొని, దానిని మఱియొకనికి అంటనీయకుండ నిలుపువాడే క్షమించువాడు. ప్రతి క్షమాపణ వెనుకను ఎవరో యొకరు మోసిన సిలువ కలదు. ఈ సత్యమును క్రైస్తవులు తమ మతచిహ్నమున నిలుపుకొనిరి. ఈ విషయమున మనము వారికి ఋణపడియున్నాము.

శిక్షనుండి తప్పించుకొనుటయే రక్షణమని తలంచువారు మనలోను కొల్లలు. ప్రాయశ్చిత్తమునకు గోదానమును, మంత్రమునకు దక్షిణయు నిచ్చి, చేతులు కడుగుకొని మరల నదేపని చేయుదుము. పురోహితు డుచ్చరించిన మంత్రము యజమానుని హృదయమును శుద్ధిచేయునని నమ్ముచు, క్రైస్తవుని నమ్మకమును జూచి నవ్వుదుము. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. సంపన్నుని కుమారుడు మోటారుబండితో బాటసారిని కొట్టినప్పుడు, జీతగాడైన డ్రైవరు నేరము తనదని యొప్పుకొనుట మా వృత్తిలోనివారు వినని సంగతి గాదు. ఇంటిలో పురుషుడు చేసిన తప్పునకు స్త్రీ నింద మోయుట యే గ్రామమున లేదు? ప్రాచీనులు తమ పాపములను మేకతలపై మోపిరి. మనము నోరులేని మనుష్యుల తలలపై మోపుచున్నాము. ఫ్రెంచి పండితుడైన రెనే జిరార్డు 1972వ సంవత్సరము మొదలుకొని ప్రకటించిన గ్రంథములలో, జనసమూహములు తమ కలహము నణచుకొనుటకు ఒక నిస్సహాయుని బలియిచ్చి, ఆ బలి న్యాయమని నమ్ముదురనియు, బలియైనవాడు నిర్దోషియని బయలుపఱచుటయే సిలువకథయందలి విశేషమనియు వాదించెను. ఈ యర్థమున సిలువ బలికర్మకు సమర్థనము గాదు, దానిపై నేరారోపణము.

ఆ తండ్రి సంగతి ముగించి విరమించెదము. కుమారుడు చెఱలోనున్న సంవత్సరమంతయు ఆయన కటికనేలపై పరుండి, దినమున కొకపూట మాత్రమే భుజించెను. ఎవరును కోరలేదు, ఏ కచ్చేరీయు దానిని లెక్కలో వ్రాసికొనలేదు. కుమారుని శిక్షాకాలము ఒక్కదినమైనను తగ్గలేదు. కుమారుడు తిరిగివచ్చి, పొరుగువారివలన ఆ సంగతి విని, తండ్రి పాదములమీద పడెనట. తరువాత నతడు కూలిపని మొదలు ఏపని దొరికిన నాపని చేసి, తాను మోసపుచ్చినవారి సొమ్మును ఆఱు సంవత్సరములలో మరల చెల్లించెను. తీర్పునందు ఆ యాజ్ఞ లేదు. కడపటి రసీదును మాకు చూపుటకు తండ్రీకొడుకు లిరువురును కలిసివచ్చిరి. చెఱసాల వానిని దండించినది; తండ్రి ప్రేమ వానిని రక్షించినది. శిక్షను మార్చుకొనుట ఆయనకు చేతకాలేదు గాని, కుమారుని మార్చుట చేతనైనది.

సోదరులారా, ఒకరి పాపమునకు మఱియొకరు శిక్ష పొందలేరు. పొందినను అది న్యాయము గాదు. కాని ఒకరి పాపమువలన కలిగిన బాధను ప్రేమచే మఱియొకరు పంచుకొనగలరు. ఆ ప్రేమను గుర్తించి మాఱినవానికదియే రక్షణము. మన పాపముకొఱకు బలియగువారిని వెదకుట మానుదము. మనము చేసిన నష్టమును మనమే తీర్చుదము. మనకు చేయబడిన నష్టమును మనయందే నిలుపుకొని క్షమించుట నేర్చుకొందము. సర్వజీవులకు తండ్రియైన పరమేశ్వరునికి ప్రియమైన బలి ఇంతకంటె వేఱొకటి కలదని మేము నమ్మము.